ఎడమ చెంప మీది ఎరుపు

అక్టోబర్ 16

పాపను ఇంటికి తెచ్చారు. పుట్టి ఇవాళ్టికి మూడో రోజు. గుమ్మంలో అత్తమ్మ ఎర్రనీళ్ళు తిప్పి బయట పారబోసింది. మా తోడికోడలు మౌనిక పెద్దాపరేషన్ అయిన కడుపు ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చెయ్యి మరిది భుజం మీద వేసి లోపలికి నడిచింది. వెనకాల నేను. ఫ్లాస్కు, బకెట్, బట్టల సంచి.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ముందు పాపను చూస్తారు. తర్వాత నన్ను చూస్తారు. పెద్దకోడలు ఎట్లా ఉందో అని. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచి, పోయింది. వాళ్ళకన్నీ లెక్కే. అందరికీ చాయ్ ఇచ్చాను, నవ్వుతూనే.

పాప బాగుంది. చాలా బాగుంది. అదే మంట.

అక్టోబర్ 17

పాపకు నీళ్ళు ఎవరు పోయాలన్నది పొద్దున్నే పంచాయితీ. మౌనికకు తల్లి లేదు. కందుకూరులో పిన్ని ఉంది కానీ పత్తి ఏరే రోజులు, కదల్లేనని ఫోన్‌లోనే చెప్పేసింది. అత్తమ్మకు మోకాళ్ళు వంగవు, కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. మిగిలింది నేను. అత్తమ్మ కాసేపు గోడ వైపు చూసింది. పిల్లల్లేనిదాని చేతికి పసిగుడ్డును ఇవ్వాలా అని ఆమె నోటితో అనలేదు, అనాల్సిన పని లేదు.

మౌనికే అంది. "అక్క పోస్తది. అక్క చెయ్యి మెత్తగుంటది."

దాని మంచితనం కూడా నాకు పడదు.

పోశాను. పీట వేసుకొని, కాళ్ళు చాపి, రెండు కాళ్ళ మధ్య సందులో పాపను పడుకోబెట్టి. నూనె రాసి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి. ఎవరూ నేర్పలేదు. ఇంతమంది పిల్లలకు పోస్తుంటే గడపలో నిలబడి చూసి నేర్చుకున్నదే. విమానం ఇంటి మీది నుంచి పోయింది. పాప ఉలిక్కిపడి నా చూపుడు వేలు పట్టుకుంది. వదలలేదు.

ఇరవై ఒక్క రోజులు నిండేదాకా ఫోటో తీయకూడదని మా ఇంట్లో పట్టింపు. దవాఖానలో మరిది ఫోన్ ఎత్తితే అత్తమ్మ చేతి మీద కొట్టింది. నేను తీశాను. స్నానాల గది గడియ పెట్టి, తుండు చుట్టి, దాని కుడిచెంప నా చెంపకు ఆనించుకొని. ఒక్కటే ఒక్కటి. చూసుకుంటే ఎవరైనా తల్లీ బిడ్డా అనుకుంటారు.

తీసేయాలి. రేపు తీసేస్తాను.

అక్టోబర్ 18

తీసేయలేదు.

అక్టోబర్ 20

ఎడమ కంటి కింద ఎర్రగా గీతలాగా. గోరు గీసుకుందేమో అనుకున్నాను. తుడిస్తే పోలేదు. రాత్రి వరకు లేదు, నాకు బాగా తెలుసు, దాని ముఖంలో నాకు తెలియని చోటు లేదు.

పొడిబట్టలో చుట్టి బయటికి తెస్తుంటే అత్తమ్మ చూసింది. "గిదేంది? నీళ్ళు సలసల కాగినయి పోసినవా ఏంది?"

మౌనిక మంచం మీద లేచి కూర్చుంది. వాకిట్లో పక్కింటామె కూడా ఉంది. వేడి నీళ్ళని అత్తమ్మ అంటోంది కానీ, పక్కింటామె అనుకునేది వేరే. నా కళ్ళే తగిలాయని. ఒక్క క్షణం. నోట్లోంచి అట్లా వచ్చేసింది—

"పుట్టినప్పటి నుంచే ఉంది అత్తమ్మా. నేను మొదటి దినమే చూసిన."

అత్తమ్మకు కళ్ళు మసక. మరిదికి పాప ముఖం పక్కకు తిప్పి చూసే తెలివి లేదు. మౌనిక నా వైపు చూసి, "అవునా అక్కా? నేను పట్టించుకోనే లేదు. నువ్వు చూసినవంటే ఉన్నట్టే" అంది.

అంతే. అందరూ నమ్మారు.

అక్టోబర్ 21

చిన్న మాట. ఎవరికి నష్టం?

అక్టోబర్ 27

గీత కాదిప్పుడు. కనుబొమ్మ నుంచి చెంప సగం దాకా. నోట్లో కిళ్ళీ పండిన ఎరుపు. అత్తమ్మ మాత్రం పుట్టుమచ్చ ఎంత పెద్దగుంటే అంత అదృష్టమని వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది.

మౌనిక రోజూ కుడిచెంప మీద దిష్టిచుక్క పెడుతుంది. వేలితో కాటుక తీసి, నాలుక కొస బయటికి పెట్టి, బుద్ధిగా. ఇవాళ పక్కింటామె నవ్వుతూ అంది, ఇంత మచ్చ ఉన్నదానికి ఇంకా చుక్క ఎందుకని. మౌనిక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నిజమే రాస్తాను, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ? ఆ ముఖం చూసి నాకు లోపల చల్లబడింది. అన్నీ నీకే ఉంటాయా అనిపించింది. పెళ్ళయిన పదో నెలకే కడుపు, ఆడపిల్లయినా ఎత్తుకొని తిరిగే మొగుడు, పాలు కారి తడిసిపోయే జాకెట్... ఒక్క మచ్చ ఉంటే ఏం?

తర్వాత పాపను ఎత్తుకొని చాలాసేపు తిరిగాను. నా మీద నాకే అసహ్యం.

అక్టోబర్ 31

దీపావళి. పురుడు, మాకు పండగ లేదు. వీధంతా పటాకులు. మౌనిక పాప చెవుల్లో దూది పెట్టింది. నేను పెడదామని దూది తెచ్చేసరికే పెట్టేసింది.

నవంబర్ 3

తొట్టెల. ఇరవై ఒకటో రోజు ఆదివారమే పడింది, ఇల్లు నిండింది. మామిడిపల్లి నుంచి ఆడబిడ్డ పిల్లలతో వచ్చింది. పేరు సహస్ర. నేను తొమ్మిదేళ్ళుగా దాచుకున్న పేరు వేరే ఉంది. నన్నెవరడిగారు. మేనత్తే పిలవాలి కాబట్టి ఆడబిడ్డే చెవిలో మూడుసార్లు పిలిచింది. నేను పొంగళ్ళ గిన్నె దగ్గర.

ఫోటోలు తీసేవాడు కుడిచెంప కనిపించేట్టు ముఖం తిప్పమన్నాడు. కంప్యూటర్‌లో మచ్చ తీసేస్తానన్నాడు కూడా. మౌనిక వద్దంది. "ఎట్లుందో గట్లనే ఉండనియన్నా."

నాకు అంత ధైర్యం ఉండేదా? ఉండేది కాదు. అందుకే ఇంకా కోపం.

నవంబర్ 9

మరిది పట్టుబట్టి శంషాబాద్‌లో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. నేను కూడా. పాప సంచి నేను తప్ప ఎవరూ సర్దలేరు.

డాక్టర్ మంచివాడే. మెల్లగా నొక్కి చూశాడు. పుట్టినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా అని అడిగాడు. మౌనిక, మరిది ఇద్దరూ నా వైపు తిరిగారు.

"పుట్టినప్పటిదే సార్."

అయితే కొందరికి అట్లా ఉంటుంది, ఇట్లాంటివి పెద్దగా ఉబ్బవు, పెద్దయ్యాక లేజర్‌తో తగ్గించవచ్చు అన్నాడు. ఏమన్నా మారితే వెంటనే తీసుకురమ్మన్నాడు. వాళ్ళు మొదటి సగం విని సంతోషంగా లేచారు. రెండో సగం నేను విన్నాను.

నవంబర్ 10

ఉబ్బదు అన్నాడు. సరే.

నవంబర్ 18

నవ్వింది!

కాళ్ళ మీద పడుకోబెట్టి పొట్ట మీద నీళ్ళు పోస్తుంటే, నా ముఖంలోకి చూసి. నిద్రలో నవ్వే నవ్వు కాదు. కళ్ళు కలిపి, పళ్ళు లేని నోరంతా తెరిచి, నన్ను చూసే నవ్వింది. చెంబు పక్కన పెట్టి ఏడ్చాను.

మౌనికకు చెప్పలేదు. చెప్పను. ఇది నాది.

నవంబర్ 22

మౌనిక ఇల్లంతా తిరుగుతూ చెబుతోంది, సహస్ర ఇవాళే మొదటిసారి నవ్విందట. మరిది ఎయిర్‌పోర్టు క్యాబ్ లైన్‌లో ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పింది. అవునా అన్నాను. ఉల్లిగడ్డ కోస్తూ కూర్చున్నాను. నాలుగు రోజులు నాతో మాత్రమే నవ్విన పిల్ల.

ఎంత హాయిగా ఉందో.

నవంబర్ 25

నూనె రాస్తుంటే వేళ్ళకు తెలుస్తోంది. మచ్చ చర్మంతో సమంగా లేదు. లేచింది. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉంది. మెత్తగా, పైన గరుకుగా, నేరేడు రంగుకు తిరిగింది. రోజూ తాకేది నేనే కాబట్టి నాకే తెలుసు. మౌనిక చూస్తుంది, తాకదు. నొప్పేమో అని భయం.

ఉబ్బదు అన్నాడు కదా ఆయన? పుట్టినప్పటిదైతే ఉబ్బదు. ఇది పుట్టినప్పటిది కాదు. కాదని తెలిసినది ఈ ఇంట్లో ఒక్కరికే.

నవంబర్ 26

ఇవాళ చెబుదామనుకున్నాను. అత్తమ్మ వడ్లు చెరుగుతూ ఎదురుగా ఉంది. చెప్పలేదు.

నవంబర్ 30

ఎడమ కన్ను సగమే తెరుస్తోంది. పై రెప్ప బరువుగా కిందికి. మౌనికకు చూపించాను. నిద్రకళ్ళక్కా, రాత్రంతా పండుకోలేదంది. దానికే నిద్ర లేదు పాపం. జుట్టు దువ్వుకోక ఎన్ని రోజులైందో.

చెబితే ఏమవుతుంది? మొదటిది, అబద్ధమాడావంటారు. రెండోది, మచ్చ నా కాళ్ళ మీదున్నప్పుడే వచ్చిందంటారు. మూడోది, ఇక నీళ్ళు పోయనివ్వరు. మొదటి రెండూ భరిస్తాను. మూడోదే...

దీన్ని రాశాక చదివాను. పిల్ల కన్ను మూతపడుతుంటే నేను లెక్క వేసుకుంటున్నది ఇదీ.

డిసెంబర్ 4

పొద్దున పాలిస్తూ మౌనిక కేక వేసింది. కన్ను తెరుచుకోవడం లేదు. ఎడమది కొంచెం కూడా తెరవట్లేదు. మరిది బండి తాళాలు వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగాడు, చేతిలోనే ఉన్నాయి. శంషాబాద్ డాక్టర్ చూసి ఆలస్యం చేయొద్దని సిటీలో పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చాడు. ఎల్లుండి పొద్దున.

డిసెంబర్ 6

రాయాలి.

చర్మం డాక్టరమ్మ. నా వయసే ఉంటుంది, ఆంధ్రా మాట. పాపను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇది పుట్టినప్పుడే ఉందా అమ్మా, తర్వాత వచ్చిందా? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పండి."

మౌనిక వెంటనే, "పుట్టినప్పుడే ఉంది మేడం. మా అక్క మొదటి దినమే చూసింది."

డాక్టరమ్మ కాగితం మీద రాయబోయి ఆగింది. పుట్టుకతో వచ్చే ఎర్రమచ్చ ఒక రకమట, పుట్టాక కొన్ని రోజులకు మొదలై పెరిగేది ఇంకో రకమట. రెండూ ముఖం మీదే, రెండూ ఎరుపే. కానీ ఒక్కోదానికి లోపల వెతకాల్సినవి వేరు, మందు వేరు. చూస్తే రెండో రకంలా ఉంది, మీరు చెప్పేది మొదటి రకం అంది. మొదటి వారంలో తీసిన ఫోటో ఏమైనా ఉందా అని అడిగింది.

మౌనిక తల అడ్డంగా ఊపింది. ఇరవై ఒక్క రోజుల దాకా మా ఇంట్లో తీయరని చెప్పింది.

ఫోన్ నా సంచిలో ఉంది. పాప మౌనిక ఒళ్ళో, తెరిచి ఉన్న ఒక్క కంటితో లైటు చూస్తోంది.

"ఉంది" అన్నాను. "నా దగ్గరుంది."

తీసి ఇచ్చాను. డాక్టరమ్మ రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. నా ముఖం పక్కకు జరిగి పోయింది. పాప ఎడమ చెంప ఒక్కటే మిగిలింది. తెల్లగా, ఏమీ లేకుండా. తేదీ చూసింది. నాలుగో రోజు అంది. ఎరుపు ఎప్పుడు మొదలైందో కూడా మీకు తెలుసా అంది. చెప్పాను. ఏడో రోజు పొద్దున, కంటి కింద, గీతలాగా. ఉబ్బడం ఎప్పుడో, రెప్ప దిగడం ఎప్పుడో, అన్నీ తేదీలతో చెప్పాను. ఆమె గబగబా రాసుకుంది. బాగా గమనించారు అంది కూడా. ఎంత సిగ్గేసిందో.

ఇది రక్తనాళాలు ముద్దగా పెరగడమట. ముఖంలో ఒక పక్కంతా ఇంత పెద్దగా వస్తే, కొందరు పిల్లలకు మెదడుకు పోయే నాళాల్లో, గుండెలో, కంటిలో కూడా తేడా ఉండవచ్చట. అందరికీ ఉండదు. కానీ చూడకుండా మందు మొదలుపెట్టకూడదు.

నేనే అడిగాను, ముందే వచ్చుంటే ఎట్లుండేదని. ఎందుకడిగానో. నెల ముందు మందు మొదలైతే కన్ను ఇంతగా మూసుకునేది కాదేమో, ఇప్పుడైనా వచ్చారు కదా అంది. ఓదార్పుకే అంది.

మౌనిక ఫోన్ తీసుకొని చూసింది. పాప చెంప కాదు. ఫోటోను మళ్ళీ చిన్నది చేసి, అందులో నన్ను చూసింది. నా చెంప ఆనించిన తీరు. తిరిగి ఇచ్చేసింది.

కారులో మరిది నడుపుతున్నాడు. ఆరాంఘర్ దాటాక మౌనిక కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"నెల దినాలక్కా."

తిడితే బాగుండేది.

డిసెంబర్ 7

అత్తమ్మకు తెలిసింది. అబద్ధం చెప్పానన్నది ఆమెకు పట్టనే లేదు. ఫోటో పట్టింది. ఇరవై ఒక్క రోజులు నిండకముందే ఫోటో తీశాను కాబట్టే మచ్చ వచ్చిందట. నాలుగో రోజు ఫోటో, ఏడో రోజు మచ్చ. ఆమెకు లెక్క సరిపోయింది. "నీకు లేదని ఓర్వలేకనే చేసినవ్" అంది.

ఫోటోతో మచ్చ రాదని నాకు తెలుసు. డాక్టరమ్మ కూడా మరిదికి గట్టిగా చెప్పింది, ఇది ఎవరూ చేసింది కాదు, తల్లి తిన్నది కాదు, ఎవరి కన్నూ కాదని. కానీ ఓర్వలేకనే అన్న మాట మాత్రం అబద్ధం కాదు.

ఈయన కార్గో డ్యూటీ నుంచి వచ్చాడు. ఫోన్ అడిగి ఫోటో చూశాడు. చాలాసేపు. నా చేతిలో పెట్టి స్నానానికి పోయాడు.

డిసెంబర్ 8

పొద్దున నీళ్ళు కాచి పెట్టాను. మౌనిక వచ్చి బకెట్ తీసుకుంది.

"నేనే పోస్త."

కుట్లు ఇంకా లాగుతాయి దానికి. కింద కూర్చోలేక స్టూలు మీద కూర్చొని పోసింది. పాప ఒకటే ఏడుపు. మెడ కింద చెయ్యి సరిగా పెట్టలేదు, చూడకుండానే తెలుస్తోంది. నా గదిలో చీర మడత పెడుతూ కూర్చున్నాను, అదే చీర నాలుగుసార్లు.

డిసెంబర్ 12

కంటి పరీక్ష, గుండె పరీక్ష ఒకే రోజు. నన్ను తీసుకుపోయారు. ఎందుకంటే తేదీలు నాకే తెలుసు. అంతకు మించి కాదు.

కంటి గది ముందు బెంచీలు. తలుపు తెరిచి నర్సమ్మ పిలిచింది, సహస్ర తల్లి ఎవరని.

నేను లేచాను. నిజంగానే లేచాను, మోకాళ్ళు లేచాక గానీ బుర్రకు తెలియలేదు. పక్కన మౌనిక పాపను ఎత్తుకొని లేస్తోంది. నన్ను చూసింది. నేను చెంగు సర్దుకుంటున్నట్టు చేసి కూర్చున్నాను.

లోపల కన్ను బాగానే ఉందట. రెప్ప అడ్డం ఉండటమే ఇబ్బంది, ఎక్కువ రోజులు మూసి ఉంటే ఆ కన్ను చూపు నేర్చుకోవడం మానేస్తుందట. గుండె బాగుంది. మరిది అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చాడు. మౌనిక అతని వీపు నిమిరింది. నాకు రెండోసారి పోయినప్పుడు ఈయన డ్యూటీలో ఉన్నాడు. ఈయన తప్పు కాదు. అయినా గుర్తొచ్చింది.

డిసెంబర్ 17

ఎమ్మారై. నాలుగు గంటలు పాలు ఇవ్వొద్దన్నారు. పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మత్తు ఇచ్చేదాకా ఒక్కరే లోపలికి రావచ్చన్నారు. మౌనిక లోపలికి పోయి, వెంటనే బయటికి వచ్చి గోడ పట్టుకుంది. పాప చేయి ఒక్కసారిగా జారిపోయి వేలాడిందట. అట్లా చూడలేకపోయానంది, ఎవరితో అన్నట్టు కాకుండా. దాని జాకెట్ అంతా పాలు. నా చెంగు ఇచ్చాను. తీసుకుంది.

డిసెంబర్ 19

రిపోర్టు. మెదడు బాగానే ఉంది. కానీ ఎడమవైపు మెదడుకు పోయే ఒక రక్తనాళం ఉండాల్సినంత లావు లేదు. సన్నగా ఉంది. ఇప్పటికి రక్తం బాగానే అందుతోందట. ముందుముందు ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ తీసి చూస్తూ ఉండాలి. అందుకే మందు చాలా కొద్దిగా, దవాఖానలో ఉంచుకొని మొదలుపెడతారట.

మరిది అదే ప్రశ్న మూడుసార్లు అడిగాడు.

నాకు ముందు వచ్చింది భయం కాదు. ఇక దీన్ని మౌనిక ఒక్కతే సాకలేదు, నేను కావాల్సిందే అనిపించింది. సంతోషం. రెప్పపాటు ఉందో లేదో, కానీ ఉంది. తర్వాత భయం వచ్చింది, ఇంకా పోలేదు. కానీ వరుస అదే. మొదట సంతోషం.

ఎవరితో చెప్పుకోను ఇది.

డిసెంబర్ 23

మందు మొదలు. పెద్దవాళ్ళకు బీపీకి, గుండెకు వాడేదేనట, పిల్లలకు చుక్కల్లో. పసిగుడ్డుకు బీపీ మందేందని అత్తమ్మ ఫోన్‌లో ఒకటే గోల. సూది లేని సిరంజితో కొలిచి రోజుకు మూడుసార్లు. పాలు తాగాకే పోయాలి. తాగకపోతే, వాంతి చేసుకుంటే, ఆ పూట ఆపేసి ఫోన్ చేయాలి. తాగకుండా పోస్తే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చల్లబడినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే పరుగెత్తాలి.

నర్సమ్మ మౌనికకు చెబుతుంటే నేను తలుపు దగ్గర ఉన్నాను. మౌనిక తల తిప్పకుండా అంది.

"నువ్వు గూడ వచ్చి ఇను. నాకు యాదికుండది."

విన్నాను. రెండుసార్లు అప్పజెప్పాను. నర్సమ్మ నన్ను, మీరు పాపకు ఏమవుతారని అడిగింది. పెద్దమ్మనని చెప్పాను. మౌనిక ఏమీ కలపలేదు, ఏమీ తీసేయలేదు.

డిసెంబర్ 29

దవాఖాన నుంచి ఇంటికొచ్చాం. పిన్ని దిగింది. పత్తి అయిపోయిందట. అమ్మ లేని పిల్ల, నేను చూసుకోవద్దా అని వాకిట్లోనే కళ్ళు తుడుచుకుంది. రెండున్నర నెలల తర్వాత గుర్తొచ్చింది అమ్మ లేని సంగతి.

పిన్నితో కందుకూరు పోవడానికి మౌనిక బట్టలు సర్దుకుంది. మందు డబ్బా, సిరంజిలు, రిపోర్టుల కవరు నేను సర్దాను. ఎందుకు పోతున్నావని అడగలేదు. అదే చెప్పింది, చెప్పులు వేసుకుంటూ.

"కోపంతోని కాదక్కా. నిన్ను చూస్తే ఆ నెల యాదికొస్తది. జర టైం కావాలె నాకు."

పాపను ఒకసారి ఇచ్చింది. ఎత్తుకున్నాను. మెడ దగ్గర వాసన చూశాను. కారు మెయిన్ రోడ్డు ఎక్కేదాకా నిలబడ్డాను.

డిసెంబర్ 31

ఇంట్లో పాప తలకు వేసే సాంబ్రాణి వాసన లేదు.

జనవరి 3

మధ్యాహ్నం ఫోన్. మౌనిక. ఐదు రోజుల తర్వాత. హలో కూడా లేదు.

"అక్కా, పొద్దటి నుంచి పాలు సరిగ తాగుతలేదు. మందు టైం అయింది. పిన్ని తప్పియ్యొద్దంటుంది. పొయ్యాల్నా?"

"పొయ్యకు. తాగకుంటే పొయ్యొద్దన్నరు గదా. ఒళ్ళు సల్లగుందా చూడు. దవాఖానకు ఫోన్ కొట్టు, నేను పెట్టేస్తున్న."

పెట్టేశాను. తర్వాత నలభై నిమిషాలు. కుట్టుమిషన్ ముందు కూర్చొని ఒక కుట్టు కూడా వేయలేకపోయాను. మళ్ళీ ఫోన్. డాక్టర్లు కూడా అదే చెప్పారట, ఈ పూట వద్దని. ముక్కు దిబ్బడ, అందుకే తాగలేదు. ఇప్పుడు తాగింది, ఆడుకుంటోంది.

నీళ్ళు ఎవరు పోస్తున్నారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పిన్ని."

మెడ కింద చెయ్యి పెడుతుందా అని కూడా అడిగాను. పెడుతుందట.

జనవరి 4

పిన్ని గాజులు వేసుకొని పోస్తుంది. వచ్చిన రోజే చూశాను, రెండు చేతుల నిండా. గీసుకుంటే?

జనవరి 8

వీడియోకాల్. మౌనికే చేసింది. ఫోన్ పాప మీద పెట్టింది, తాను కనిపించలేదు. కనురెప్ప లేచింది. పూర్తిగా కాదు, కింద గింజంత నలుపు కనిపిస్తోంది. మచ్చ నేరేడు రంగు తగ్గి మధ్యలో బూడిదగా మారుతోంది. "చూస్తున్నవా అక్కా" అంటోంది. చూస్తున్నా, చూస్తున్నా అన్నాను.

అవతల పిన్ని చిటికెలు వేసింది. పాప అటు తిరిగి నవ్వింది. ఆ నోరంతా తెరిచే నవ్వే. ఆమెకు. రెండున్నర నెలలు రాని ఆమెకు.

అయినా రెండు కళ్ళతో నవ్వింది.

రేపు గురువారం, దవాఖాన. మందు కొద్దిగా పెంచాలా వద్దా చూస్తారు. ఆ సన్ననాళం సంగతి మళ్ళీ ఎప్పుడు తీసి చూడాలో కూడా రేపే చెబుతారు. మరిది కందుకూరు పోయి వాళ్ళను అక్కడి నుంచే నేరుగా తీసుకుపోతాడట. పిన్ని కూడా. మౌనిక టైం చెప్పింది, తొమ్మిదిన్నర అని. నన్ను రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. ఈయనను అడిగితే నీ ఇష్టమన్నాడు.

ఏడింటికి ఆటోకు చెప్పాను. వద్దని చెబుదామని ఇప్పటికి రెండుసార్లు ఆటోవాడికి ఫోన్ చేయబోయి ఆగాను.